ఆకు రాల్చే కాలం

డెసిడ్యువస్. బడిలో భూగోళం పాఠం చదివిన వాళ్ళకు ఈ ఇంగ్లిష్ విశేషణం 'ఆకురాల్చే అడవులు'గా గుర్తుంటుంది. కింద పడటాన్ని చెప్పే లాటిన్ క్రియ నుంచి పుట్టింది. ఆకుల దగ్గరే ఆగలేదు. దంతవైద్యులు పాలపళ్ళనూ, జంతుశాస్త్రవేత్తలు ఏటా ఊడి మళ్ళీ మొలిచే దుప్పి కొమ్ములనూ ఇదే మాటతో చెబుతారు. పాలపన్ను ఊడితే ఏ తల్లీ బెంగపడదు. ఎండాకాలం అడవిని చూసి మాత్రం 'అంతా ఎండిపోయింది' అనేస్తాం. ఆ మాట వింటే నాకు బాధేస్తుంది.

ఇంగ్లండులో ఓక్ చెట్టు పగటి వెలుగు తగ్గి చలి ముదిరేటప్పుడు ఆకులు వదిలేస్తుంది. మన నల్లమలలో బెడద చలిది కాదు, దాహానిది. అటవీ నిపుణులు చాంపియన్, సేఠ్ 1968లో చేసిన వర్గీకరణ ఇలాంటి అడవిని ఉష్ణమండల శుష్క ఆకురాల్చే అడవి అంటుంది. మాఘం దాటేసరికి నేలలో తడి అడుగంటుతుంది. ఆకు ఉన్నంతకాలం దాని సన్నని రంధ్రాల గుండా నీరు ఆవిరవుతూనే ఉంటుంది. కాబట్టి చెట్టు ముందు ఆకులోని నత్రజని, భాస్వరాల్లో చాలా భాగం కొమ్మల్లోకి లాక్కుంటుంది. తర్వాత తొడిమ మొదట్లో పలచని పొర ఒకటి ఏర్పడి, ఆకు అక్కడ తెగిపోతుంది. తెగిన చోటు మూసుకుపోతుంది. ఇల్లాలు విలువైనవన్నీ లోపల సర్దుకుని తలుపు వేసినంత పద్ధతిగా జరుగుతుందిదంతా.

అలా మోడైన కొమ్మల మీదే మోదుగ ఎర్రగా, కొండగోగు పసుపుపచ్చగా పూస్తాయి. వాన చినుకు పడకముందే, నిప్పులు చెరిగే ఎండలో ఎన్నో చెట్లు చిగురిస్తాయి. బీడీలకు కోసే తునికాకు ఆ వేసవి చిగురే. ఎండిపోయిన అడవి అయితే తునికాకు కల్లాలు ఎక్కడివి?

రాలిన ఆకు కుళ్ళి మట్టికి బలమవ్వాలి. నిప్పంటుకుంటే ఆ బలమూ పోతుంది, లేత మొక్కలూ మాడిపోతాయి. నల్లమల ఆకు రాల్చే రోజుల్లోనే శివరాత్రి వస్తుంది, వేలమంది అడవిదారిన శ్రీశైలానికి నడుస్తారు. వాళ్ళకు నాదొక విన్నపం: వంట చేసుకున్న పొయ్యి మీద నీళ్ళు పోసి, నిప్పు పూర్తిగా ఆరిందని చూసుకున్నాకే కదలండి.