గోదారి ఎటకారం అందరిదీ కాదు

మా పేట కబుర్లు - 11



పోయిన భాగం చదివి ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, ఎప్పుడూ ఏడుపేనా? మీ పేటలో ఎవరూ నవ్వేవాళ్లు కాదా?" అని. నవ్వేవాళ్లం తమ్ముడూ. కడుపు పట్టుకుని నవ్వేవాళ్లం. కాకపోతే పొద్దున్న జరిగినదానికి రాత్రి నవ్వేవాళ్లం. ఈసారి ఆ రాత్రి నవ్వు గురించి, 'కొబ్బరిమట్ట' అనే ఒక చిన్న సినిమా గురించి రాస్తాను.

మా నాన్న కొబ్బరి దింపు కార్మికుడు. కోనసీమ బయటి పిల్లల కోసం చెబుతున్నాను. చెట్టెక్కి కాయలు కోసి దించే పని దింపు. కింద కూర్చుని పీచు తీసే పని వలుపు. రెండూ ఒళ్లు అరగదీసే పనులే. కాళ్లకి తాడు వేసుకుని, నడుముకి కత్తి దోపుకుని చెట్టెక్కితే నాన్న కామందు మేడ కన్నా ఎత్తున ఉండేవాడు. దిగాక మాత్రం ఆ మేడ అరుగు మీద కూర్చోకూడదు. రోజంతా ఎక్కుతూ దిగుతూ ఉండే మనిషికి తన చోటు ఎక్కడో ఎవరూ విడిగా చెప్పక్కర్లేదు.

కాయ కామందుది. ఎండుమట్ట మాది. దాంతో దడి కట్టుకునేవాళ్లం, పొయ్యి కింద పెట్టుకునేవాళ్లం. అమ్మ ఈనెలు తీసి చీపుళ్లు కట్టేది. మేం పిల్లలం మట్ట మొదలు చెక్కి క్రికెట్ బ్యాటు చేసుకునేవాళ్లం. కొబ్బరిమట్ట అంటే నాకు ఇంటి సామాను.

1995, కాలవలకి నీళ్లొదిలిన రోజులు. నాకు ఎనిమిదేళ్లు. నాన్న పైన ఉన్నాడు, నేను కింద కాయలు పోగేస్తున్నాను. కామందు తెల్లపంచె కట్టుకుని, మెడ పైకెత్తి గెలలు లెక్కపెడుతున్నాడు. "అయ్యా, మట్ట పడుద్ది, తప్పుకోండయ్యా" అని నాన్న పైనుంచి రెండుసార్లు అరిచాడు. ఆయన వినలేదో, కూలోడు చెబితే తప్పుకోవడమేంటి అనుకున్నాడో. మట్ట ఆయన ముందు బారెడు దూరంలో దబ్బున పడింది. ఆయన అదిరిపడి వెనక్కి ఒక అడుగు వేశాడు. వెనకాల పంట బోదె.

మిత్రులారా, తర్వాత నేను చాలా కామెడీ సినిమాలు చూశాను. అంత బాగా పడ్డ మనిషిని మళ్లీ చూడలేదు. నడుం దాకా బురదలో కూర్చుండిపోయాడు. పంచె గొడుగులా నీళ్ల మీద తేలింది. నేను పగలబడి నవ్వేశాను.

నాన్న చెట్టు మీంచి ఎలా దిగాడో తెలీదు. ముందు నా చెంప మీద ఒక్కటి కొట్టాడు. తర్వాత బోదె గట్టున వంగి ఆయనకి చెయ్యి అందించాడు. ఆయన చెయ్యి పైకి లేపాడు. నాన్న చెయ్యి చూశాడు. మళ్లీ దించేసుకున్నాడు. దూరంగా పొలంలో ఉన్న తన కులపోణ్ణి కేకేశాడు. ఆ మనిషి గట్లమ్మట నడిచొచ్చేదాకా ఆయన బురదలో, నాన్న చెయ్యి గాలిలో. కింద పడెయ్యడానికి భూమికి కులం అక్కర్లేదు. పైకి లేవడానికి ఆయనకి కావాల్సొచ్చింది.

సాయంత్రం అరుగు దగ్గరికి పిలిచారు. నాన్న తువ్వాలు నడుముకి చుట్టుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ఆయ్, పొరపాటైపోయిందండి" అని ఎన్నిసార్లు అన్నాడో. పడ్డందుకు కాదుట, పిల్లోడు నవ్వినందుకట శిక్ష. రెండు దింపుల కాలం ఊళ్లో ఎవరూ మమ్మల్ని పనికి పిలవకూడదన్నారు. పిలవలేదు.

ఆ రాత్రి మా వాకిట్లో నాన్న దాన్నంతా మళ్లీ ఆడి చూపించాడు. తువ్వాలు పంచెలా కట్టుకుని, మెడ పైకెత్తి గెలలు లెక్కపెట్టి, వెనక్కి అడుగేసి, దబ్. చుట్టూ ఉన్నోళ్లు చీర కొంగులు, తువ్వాళ్లు నోట్లో కుక్కుకుని నవ్వారు. అమ్మ దీపం వత్తి తగ్గించింది. చివర్లో నాన్న నా చెంప తడిమి, "నువ్వు పొద్దున్నే నవ్వేశావురా. అదే తప్పు" అన్నాడు.

గోదారోళ్లకి ఎటకారం పుట్టుకతో వస్తుందని సినిమాలు మురిసిపోతుంటాయి. ఆ 'ఆయ్' అనే మాట వినగానే హాల్లో నవ్వు. అరుగు మీద కూర్చున్నోడి 'ఆయ్' వేరు, అరుగు కింద నిలబడ్డోడి 'ఆయ్' వేరు. మా 'ఆయ్'లో ఎటకారం లేదు, దండం ఉంది. మా ఎటకారానికి దీపం తగ్గించుకోవాల్సి వచ్చేది.

అదే ఏడు జూన్‌లో 'పెదరాయుడు' వచ్చింది. తమిళ 'నాట్టామై'కి రీమేక్. రవిరాజా పినిశెట్టి దర్శకుడు, మోహన్‌బాబు పెదరాయుడు, రజనీకాంత్ పాపారాయుడు. ఊరి పెద్ద మీసం తిప్పి తీర్పు చెబుతాడు, ఊరంతా చేతులు కట్టుకుని వింటుంది. అందులో పెద్ద తీర్పు ఏంటో గుర్తుందా? వెలి. ఏళ్ల తరబడి ఆ ఇంటితో ఎవరూ మాట్లాడకూడదు. ఆ మాట తెర మీద వినగానే హాలు దద్దరిల్లింది. నేల టిక్కెట్టులో కూర్చుని నేనూ ఈలేశాను. ఇంట్లో నాన్నకి పని లేక అమ్మ గంజి కాస్తున్న రోజుల్లో, వెలి వేసినోడికి ఈలేశాను. దాని గురించి ఇప్పటికీ సిగ్గుపడతాను.

చదువుకునే పిల్లలు ఇది గుర్తుపెట్టుకోండి. వెలి సినిమా మాట కాదు. 2017లో పశ్చిమ గోదావరి జిల్లా గరగపర్రులో అంబేద్కర్ విగ్రహం దగ్గర మొదలైన గొడవతో దళితులని సాంఘికంగా బహిష్కరించారు. పొలం పనులు ఆపేశారు. అప్పటికే చట్టం ఉంది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. దానికి 2015లో చేసిన సవరణ 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చింది. సాంఘిక, ఆర్థిక బహిష్కరణ చెయ్యడమే కాదు, చేస్తామని బెదిరించడం కూడా అందులో నేరమని స్పష్టంగా రాశారు. తెర మీద చప్పట్లు పడే తీర్పుకి బయట కేసు పడుతుంది. పడాలి.

ఇప్పుడు 2019 ఆగస్టుకి వద్దాం. 'కొబ్బరిమట్ట' విడుదలైంది. రూపక్ రోనాల్డ్‌సన్ దర్శకుడు. కథ రాసి, డబ్బు పెట్టింది సాయి రాజేష్. 2014లో 'స్టీవెన్ శంకర్' అని పేరు పెట్టుకుని 'హృదయ కాలేయం' తీసిన మనిషే. పెద్ద బ్యానర్ లేదు, స్టార్ లేడు, సినిమా ఏళ్ల తరబడి ఆగి ఆగి బయటికొచ్చింది. హీరో సంపూర్ణేశ్ బాబు. పాపారాయుడు ఆయనే, పెదరాయుడు ఆయనే, ఆండ్రాయుడు ఆయనే. పేర్లు వింటేనే తెలుస్తుంది, ఏ అరుగుకి ఎసరు పెట్టారో.

అమలాపురంలో చూశాను. టైటిల్ చూసే వెళ్లాను, నిజం చెప్పాలంటే. నా ఇంటి సామాను పేరు పోస్టరెక్కిందని. అదే మీసం, అదే కండువా, అదే నడక, అవే తీర్పులు, అవే త్యాగాలు. మూడు నిమిషాలు దాటిన డైలాగు ఒకే ఊపిరిలో చెబుతాడు. హాలంతా కుర్చీల్లోంచి జారిపోయి నవ్వుతోంది.

ఎందుకు నవ్వొస్తుందో ఆలోచించాను. పెదరాయుడి ఠీవిలో సగం డబ్బు. వందమంది జూనియర్ ఆర్టిస్టులు, కింద నుంచి పెట్టిన కెమెరా, స్లోమోషన్, గుండెలదిరే సంగీతం. ఆ ఖర్చంతా తీసేసి మీసం, కండువా మాత్రమే ఉంచండి. తనని తాను దేవుడనుకుంటున్న ఒక మామూలు మనిషి మిగులుతాడు. బోదెలో పడ్డ మా కామందులాగే. చేతిలో డబ్బు లేకపోవడమే ఈ సినిమాకి పనికొచ్చింది. పెద్ద బడ్జెట్టుతో తీస్తే అది ఇంకో పెదరాయుడు అయ్యుండేది.

ఇలాంటి కామెడీని ఇంగ్లీషులో స్లాప్‌స్టిక్ అంటారు. పాత ఇటలీ నాటకాల్లో రెండు చెక్కపలకలు కలిపి కట్టిన కర్ర ఉండేది. కొడితే చప్పుడు పెద్దది, దెబ్బ చిన్నది. ఆ కర్ర పేరే ఈ కామెడీకి వచ్చింది. మన తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క చేసేదీ ఇదే పని. రాజుల కథ మధ్యలో దూరి, కొట్టుకుని, తిట్టుకుని, నవ్వించి పోతారు. 1940లో చాప్లిన్ 'ద గ్రేట్ డిక్టేటర్' తీసి హిట్లర్‌ని కుర్చీలోంచి దించి నవ్వించాడు. చిన్నప్పుడు లండన్‌లో పేదల వర్క్‌హౌస్‌లో ఉన్న పిల్లోడు ఆయన. కర్ర ఎవరి చేతిలో ఉంది, ఎవరి మీద పడుతోంది, చూడాల్సింది అదే. మన తెలుగు సినిమాల్లో చెంపదెబ్బ కామెడీ ఎక్కువగా పనోడి మీద, నల్లోడి మీద, లావుగా ఉన్నోళ్ల మీద పడింది. కిందికే పడింది.

ఇక్కడ నాకో ముల్లు ఉంది. దాచుకోను.

'హృదయ కాలేయం' వచ్చినప్పుడు నేను కాకినాడలో రూము తీసుకుని గ్రూప్స్‌కి చదువుతున్నాను. రాజమౌళి దాని గురించి ట్వీట్ చేశాక ఆ పోస్టర్ అందరి ఫోన్లలోకీ వచ్చేసింది. మర్నాటి నుంచి రూమ్మేట్లు నన్ను 'సంపూ' అని పిలవడం మొదలెట్టారు. "ఈ మొహానికి హీరో ఏంట్రా" అని నవ్వు. ఆ నవ్వులో పెదరాయుడు లేడు, నా రంగు ఉంది. నేను కూడా వాళ్లతో కలిసి నవ్వాను. నాన్న దగ్గర నేర్చుకున్న విద్యే. ఎదుటోడు నవ్వేటప్పుడు నవ్వాలి, మన నవ్వు రాత్రికి దాచుకోవాలి.

కాబట్టి ఈ సినిమాలు మన సినిమాలని చంకలు గుద్దుకోవడం లేదు. సంపూర్ణేశ్ దళితుడు కాడు. సిద్దిపేట దగ్గర మిట్టపల్లిలో బంగారం పని చేసే ఇంటి నుంచి వచ్చినవాడు, అసలు పేరు నరసింహాచారి. ఆ సినిమాలకి వచ్చిన జనంలో అరుగుని చూసి నవ్వినవాళ్లున్నారు, అరుగెక్కిన మొహాన్ని చూసి నవ్వినవాళ్లూ ఉన్నారు. టిక్కెట్టు ఒకటే. రెండు నవ్వులూ ఒకే హాల్లో వినిపిస్తాయి. మనం తేడా వినడం నేర్చుకోవాలి.

ఆ తేడా తెలిసినవాడు కత్తి మహేష్. చిత్తూరు జిల్లా నుంచి వచ్చిన దళితుడు, సినీ విమర్శకుడు. 'హృదయ కాలేయం'లో నటించాడు. 2015లో జనం దగ్గర చిన్న చిన్న మొత్తాలు పోగేసి 'పెసరట్టు' అనే కామెడీ తీశాడు. సినిమా ఆడలేదు. కానీ మనవాడు ఒకడు మన కష్టం మీద కాకుండా సరదాగా ఒక సినిమా తియ్యాలనుకున్నాడు చూడండి, నాకు అది గొప్పగా అనిపిస్తుంది. దళితుడంటే ఏడుపు కథే చెప్పాలా? 2018 జూలైలో ఆయన మాటలకి కోపాలొచ్చాయని హైదరాబాద్ పోలీసులు ఆరు నెలలు నగరం నుంచి బహిష్కరించారు. ఆ మాటలతో మీకు పేచీ ఉండొచ్చు, నాకూ కొన్నిటితో ఉంది. కానీ బహిష్కరణ అన్న మాట వినగానే నాకు అరుగు గుర్తొచ్చింది. నెల్లూరు దగ్గర జరిగిన కారు ప్రమాదంలో గాయపడి, 2021 జూలై 10న పోయాడు. ఇంకో కామెడీ తియ్యకుండానే పోయాడు.

మొన్న సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు నాన్నకి ఫోన్‌లో 'కొబ్బరిమట్ట' పెట్టి ఇచ్చాను. ఇప్పుడు చెట్టెక్కడం లేదు, మోకాళ్లు పోయాయి. మా డాబా ముందు మాకూ ఒక అరుగుంది. దాని మీద కూర్చుని చూశాడు. మధ్యాహ్నం రెండు గంటలు, వీధిలో మనుషులు తిరుగుతున్నారు. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఒక్కసారిగా నవ్వొచ్చింది. చెయ్యి దానంతటదే తువ్వాలు నోటి దాకా తీసుకెళ్లింది.

"నాన్నా, పగలే" అన్నాను.

నా వైపు చూశాడు. వీధి వైపు చూశాడు. తువ్వాలు తీసి భుజాన వేసుకుని, గట్టిగా నవ్వాడు. అటు వెళ్తున్నవాళ్లు ఆగి, "ఏంటండీ అంత నవ్వు" అని అడిగారు. "మట్ట పడిందిలెండి" అన్నాడు.

మీ అమ్మానాన్నల దగ్గరా ఇలాంటి రాత్రి నవ్వులు ఉంటాయి. వాళ్లు ఉండగానే అడగండి. పగలు రాయండి.

జై భీమ్.