పాదం ముందా? బూటు ముందా?

సావనీరుకి ఏదైనా రాయవోయ్ అని యూనియన్ సెక్రటరీ అడిగినప్పుడు మా మిత్రులంతా పెద్ద పెద్ద విషయాలే ఎత్తుకున్నారు. ఒకడు నిరుద్యోగ సమస్య అన్నాడు. ఇంకొకడు కృత్రిమ మేధ అన్నాడు. కవిగారైన మా రూమ్మేటు వెన్నెల్లో గౌతమి అన్నాడు. నేను బూట్ల గురించి రాస్తానన్నాను. అందరూ నవ్వారు. అంత హాయిగా నవ్వగలిగారంటే వాళ్ళ చెప్పులు వాళ్ళ కాళ్ళకి సరిపోయాయన్నమాట! చెప్పు కరుస్తున్నవాడికి నవ్వు రాదు.

మాది కొత్తపేట దగ్గర ఒక పల్లె. రెండెకరాల వరి, గట్టున కొన్ని కొబ్బరి చెట్లు. మా ఇంట్లో కాలికి చెప్పు తొడుక్కుని పొలంలోకి దిగినవాడు లేడు. సార్వా ఊడ్పులప్పుడు మోకాలి లోతు బురదలో నిలబడాలంటే వేళ్ళు విచ్చుకుని నేలని పట్టుకోవాలి. వానకి తడిసిన గట్టు మీద నారుకట్టలు మోసుకుంటూ నడవాలంటే బొటనవేలే బ్రేకు. ఇలా పెరిగిన పాదం ముందువైపు విసనకర్రలా విచ్చుకుంటుంది. నా పాదం అటువంటిదే. మా నాన్నది మరీను.

డిగ్రీలో చేరగానే ఎన్.సి.సి.లో చేరాను. దానికి కారణం దేశభక్తి ఒక్కటే అంటే అబద్ధమవుతుంది. 'సి' సర్టిఫికెట్ చేతిలో ఉంటే సైన్యంలో చేరాలనుకునేవాడికి కొంత మేలు జరుగుతుంది. మాబోటి ఇళ్ళలో ఆ 'కొంత' చాలా పెద్ద మాట. సరే, బూట్లు కావాలి. బజారుకెళ్ళాను. ఎనిమిది నెంబరు వేస్తే పొడవు అచ్చంగా సరిపోయింది గాని పక్కలు పట్టకారులా నొక్కేశాయి. పది వేస్తే పక్కలు హాయిగా ఉన్నాయి గాని మడమ లోపల జారిపోతోంది. "తొమ్మిది తీసుకోండి బాబూ, వాడగా వాడగా అవే సర్దుకుంటాయి" అన్నాడు కొట్టతను. ఆ కొట్లో ఉన్నవాటిలో అదే నయం.

పదిహేను రోజుల్లో సర్దుకున్నది బూటు కాదు, నా నడక! చిటికెన వేలి పక్క పుండు పడింది. మడమ మీద బొబ్బ లేచింది. ఒక బొటనవేలి గోరు నల్లబడింది. జనవరి 26 పెరేడ్ ఎంతో దూరం లేదు. కుంటేవాణ్ణి వరసలో పెట్టరు, పెట్టకూడదు కూడా. ఒక్కడి అడుగు తప్పితే వరసంతా చెడుతుంది. "పల్లెటూరి కాళ్ళురా నీవి, బూట్లకి పనికిరావు" అని ఒక మిత్రుడు అన్నాడు. వాడు సరదాకే అన్నాడు. కానీ ఆ మాట బొబ్బ కన్నా ఎక్కువ మండింది.

సైన్సు విద్యార్థిని కదా, ఈ బొబ్బ ఎందుకొస్తుందని పుస్తకాలు తిరగేశాను. రాపిడికి పైచర్మం అరిగిపోవడం వల్ల అనుకుంటాం గాని, అసలు సంగతి అది కాదు. చెమటకి తడిసిన చర్మం మేజోడుకి అంటుకుని కదలకుండా ఉంటుంది. లోపల ఎముక మాత్రం అడుగడుగునా ముందుకీ వెనక్కీ కదులుతుంది. ఈ రెండింటి మధ్యా ఉన్న చర్మపు పొరలు పక్కకి సాగి సాగి, చివరికి ఒకదాన్నుంచి ఒకటి విడిపోతాయి. ఆ ఖాళీలో నీరు చేరుతుంది. అదే బొబ్బ. అంటే బిగుతు బూటే కాదు, వదులు బూటూ కరుస్తుంది. నా తొమ్మిది నెంబరు ముందువైపు బిగుతు, వెనకవైపు వదులు. రెండు కష్టాలూ ఒకే జతలో దొరికాయన్నమాట.

ఇంతలో సంక్రాంతి వచ్చింది. హైదరాబాదు నుంచి మా పెదనాన్నగారి అమ్మాయి, బావగారు, వాళ్ళ పన్నెండేళ్ళ కూతురు వచ్చారు. ఆ పిల్ల అక్కడ రోలర్ స్కేటింగ్ నేర్చుకుంటోంది. వరసగా చక్రాలుండే పరుగు స్కేట్లు కాదు. ముందు రెండు, వెనక రెండు చక్రాలున్న ఎత్తు బూట్లు వేసుకుని గిరగిరా తిరిగే ఫిగర్ స్కేటింగ్. మన ఎండల్లో మంచు ఎక్కడ దొరుకుతుంది? అందుకని మనవాళ్ళు ఈ విద్యని చక్రాల మీద సాధించారు. హైదరాబాదు కుర్రాడు అనూప్ కుమార్ యామా 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఇందులోనే రెండు కాంస్య పతకాలు తెచ్చాడు. ఒకటి ఒంటరిగా, రెండోది అవనీ పంచాల్‌తో జంటగా. 2015కి ఆయనకి అర్జున అవార్డు ఇచ్చారు. ఈ సంగతులన్నీ మా మేనకోడలు చెప్పినవే.

ఆ పిల్ల నా కాలు చూసి నవ్వలేదు. "మామయ్యా, నాకూ ఇలాగే అయింది" అని మేజోడు తీసి చీలమండ ఎముక మీద పాత మచ్చ చూపించింది. ఆ తరవాత అరుగు మీద కూర్చోబెట్టి నాకు పాఠం చెప్పింది. గాల్లోకి ఎగిరి ఒంటికాలి మీద దిగినప్పుడు ఒంటి బరువుకి ఎన్నో రెట్లు పాదం మీద పడుతుందట. బూటు లోపల మడమ ఒక్క పిసరు కదిలినా మనిషి పడిపోతుంది. అందుకని వాళ్ళు ముందు చూసేది మడమ. అది మేకు కొట్టినట్టు కదలకుండా ఉండాలి. వేళ్ళు మాత్రం లోపల కదలగలగాలి. నిటారుగా నిలబడితే వేళ్ళ కొసలు బూటుకి తగిలీ తగలనట్టుండాలి, మోకాలు వంచితే కాస్త వెనక్కి రావాలి. లేసు అంతా ఒకే బిగువున కట్టకూడదు. వేళ్ళ మీద వదులు, చీలమండ వంపు దగ్గర గట్టి బిగువు, పై కొక్కేల దగ్గర మళ్ళీ కాస్త వదులు. లేకపోతే మోకాలు వంగదు.

మరి ఎముక ఒరుసుకుంటే? ఆ పిల్ల వాళ్ళమ్మ కాటుక డబ్బీ తెచ్చింది. ఒరుసుకునే చోట కాటుక పూసి, మేజోడు లేకుండా బూటులో కాలు పెట్టి తీయమంది. తీసి చూస్తే బూటు లోపల నల్లటి మచ్చ. "అక్కడొక్కచోటే తోలుని బయటికి సాగదీస్తారు మామయ్యా. బూటంతా పెద్దది చేయక్కర్లేదు." కొత్తరకం స్కేటింగు బూట్లని కొద్దిగా వేడిచేసి కాలికి తొడిగి ఆ పాదం ఆకారానికే తెస్తారని కూడా చెప్పింది. మా ఫిజిక్సు మాస్టారు కూడా ఇంత విడమరచి చెప్పరేమో!

మా నాన్న వాకిట్లో తాడు పేనుకుంటూ ఇదంతా విన్నాడు. "దీనికి ఇంత చదువెందుకురా? వెనకటికి ఎద్దుకి లాడం కొట్టేవాడు ముందు కాలెత్తి గిట్ట చూసేవోడు. గిట్టకి తగ్గట్టు ఇనుముని వంచేవోడు గాని, ఇనుముకి తగ్గట్టు గిట్టని చెక్కేవోడు కాదు. కాడి అయినా అంతే. బిగుతైనా పుండే, వదులైనా పుండే. ఎద్దు మెడ బాగోలేదని ఎవడూ అనలేదు" అన్నాడు. నాకు కావలసిన మాట అదే. నా పాదంలో లోపం లేదు. దాన్ని ఎవరూ కొలవలేదు, అంతే.

పండగ వెళ్ళిన మర్నాడు అమలాపురంలో చెప్పులు కుట్టే ఒక పెద్దాయన దగ్గరికి బూట్లు పట్టుకెళ్ళాను. కాటుక మచ్చలు చూసి "ఎవరు బాబూ గుర్తులు పెట్టింది? పనిమంతులే" అన్నారాయన. తోలుని లోపల తడిపి, చెక్క అచ్చు దూర్చి, నా చిటికెన వేలి ఎముక వచ్చే చోట అచ్చుకి చిన్న తోలుముక్క అంటించి రెండు రాత్రులు ఉంచారు. బూటు నాలుక అడుగున మెత్తటి పట్టీ కుట్టారు. ఆ పట్టీ పాదాన్ని వెనక్కి నెడుతుంది, దాంతో మడమ తన చోట కుదురుకుంటుంది. ఆయన చేతి లెక్క మా లాబ్‌లోని వెర్నియర్‌కి తీసిపోదు. జనవరి 26న వరసలో నేనూ ఉన్నాను. ఆ గంటసేపూ నా కాళ్ళు నాకు గుర్తుకు రాలేదు. బూటు సరిపోయిందనడానికి అంతకన్న సాక్ష్యం ఏముంటుంది?

తరవాత చదువుతుంటే ఇంకొన్ని సంగతులు తెలిశాయి. మనం వాడే ఈ ఎనిమిది, తొమ్మిది నెంబర్లు ఇంగ్లండువాళ్ళవి. ఒక నెంబరుకీ తరవాతి నెంబరుకీ తేడా అంగుళంలో మూడో వంతు. వెనకటికి అది ఒక బార్లీ గింజ పొడవు. మన వడ్లగింజ కూడా ఇంచుమించు అంతే అనుకోండి. అయితే ఆ గింజ పొడవుని మాత్రమే కొలుస్తుంది. వెడల్పు సంగతి ఆ అంకెలో లేదు. చెన్నైలోని కేంద్ర తోళ్ళ పరిశోధన సంస్థ 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి దాకా దేశంలో 79 చోట్ల 1,01,880 మంది పాదాలను యంత్రాలతో కొలిచింది. యూరపు, అమెరికా వాళ్ళ కన్న మన పాదాలు వెడల్పని తేలింది. ఆ కొలతలతో మనకంటూ 'భ' అనే నెంబర్ల పద్ధతి ప్రతిపాదించారు. అంటే నా బాధ ఒక్క కొత్తపేట కుర్రాడిది కాదు, దేశానిది!

ఇంకొకటి. 1992లో మణిపాల్ డాక్టర్లు ఉదయభాస్కరరావు, బెంజమిన్ జోసెఫ్ 4 నుంచి 13 ఏళ్ళ లోపు పిల్లలు 2300 మంది పాదముద్రలు పరీక్షించి ఒక వ్యాసం రాశారు. చెప్పులు, బూట్లు వేసుకునే పిల్లల్లో వందకి 8.6 మందికి చదును పాదాలుంటే, ఉత్తకాళ్ళతో తిరిగేవాళ్ళలో 2.8 మందికే ఉన్నాయి. పల్లెటూరి కాలు పనికిరాని కాలేం కాదు సుమండీ!

మా నాన్న కొనుక్కున్న చెప్పులేవీ ఆర్నెల్లు నిలవలేదు, పక్కలు తెగిపోయేవి. పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ ఉత్తకాళ్ళతోనే వెళ్ళేవాడు. మొన్న వేసవిలో రెండు తెల్లకాయితాలు పరిచి, ఆయన్ని వాటి మీద నిటారుగా నిలబెట్టి, రెండు పాదాల చుట్టూ పెన్సిలుతో గీశాను. ఎడమది కుడిదానికన్న కాస్త పెద్దది. చాలామందికి అలాగే ఉంటుంది. "ఇన్నాళ్ళూ పొలం ఒక్కటే కాయితం మీదకెక్కింది. ఇప్పుడు నా కాలు కూడా ఎక్కిందిరా" అని నవ్వాడు. అమలాపురం పెద్దాయన ఆ గీతల ప్రకారం జత కుట్టి ఇచ్చారు. అవి వేసుకుని మా నాన్న ఈమధ్యే మా కాలేజీకి వచ్చి, ప్రిన్సిపాలుగారి గది దాకా నడిచి, నా ఫీజు కట్టి వెళ్ళాడు.

వచ్చే ఏడు ఎన్.సి.సి.లో చేరబోయే తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ నా సలహా. బూట్లకి సాయంత్రం పూట వెళ్ళండి, పాదాలు పొద్దుటికన్న సాయంత్రానికి కొంచెం ఉబ్బుతాయి. వాడబోయే మేజోళ్ళు కూడా తీసుకెళ్ళండి. రెండు కాళ్ళకీ తొడిగి, నిలబడి, నాలుగడుగులు వేసి చూడండి. కవాతు బూటుకి వేళ్ళ ముందు బొటనవేలంత ఖాళీ ఉంచండి. మడమ జారుతుంటే వద్దనండి. "మీ కాళ్ళు వెడల్పండీ" అని ఎవరైనా అంటే సిగ్గుపడకండి. "అవునండి, కొలిచి ఇవ్వండి" అనండి.