ఫ్లాషు, లకుముకి పిట్ట, ఓ గుడ్లగూబ

మొన్న సంక్రాంతికి అమరావతి వెళ్తూ కెమెరాతో పాటు ఫ్లాష్ ఎక్స్‌టెండర్ కూడా పట్టుకెళ్ళా. బ్రహ్మపదార్థమేం కాదు, ఫ్లాషు ముందు బిగించే ప్లాస్టిక్ ఫ్రెనెల్ కటకం. చెదిరిపోయే వెలుగుని ఒకచోటికి చేర్చి, దూరంగా ఉన్న పిట్ట దాకా పంపుతుంది.

పొద్దున్నే అమరేశ్వరుడి గుడి దగ్గర, కృష్ణ ఒడ్డున లకుముకి పిట్ట దొరికింది. ఎండేమో దాని వెనకనుంచి. ఫ్లాషు రెండు స్టాపులు తగ్గించి కొట్టా. నల్లముద్దలా రావాల్సింది కాస్తా నీలం రెక్కలతో, కంట్లో చిన్న మెరుపుతో వచ్చింది! ఆ సంబరంలో సరంజామా ఎండలో వదిలేసి టీ తాగొచ్చేసరికి ఫ్లాషు మూతి కాస్త కరిగింది. చిన్నప్పుడు భూతద్దంతో కాగితాలు కాల్చినవాడినే, ఇంజనీరింగు చదివాక మర్చిపోయా.

అయినా పనిచేస్తోంది కదాని, చీకటిపడ్డాక చింతచెట్టు మీద గుడ్లగూబకి గురిపెట్టా. మెరుపు పడ్డాక అది ఎగరలేదు, కళ్ళు మూసుకుని బిగుసుకుపోయింది. ఫొటోలో దాని కళ్ళు తెల్లటి బల్బుల్లా ఉన్నాయి.

"నీ మొహమ్మీద లారీ లైట్లు కొడితే నువ్వు రోడ్డు దాటగలవంట్రా?" అన్నాడు తాతయ్య.

చీకటికి అలవాటుపడ్డ కళ్ళవి, రాత్రి వేటకి అవి కావాలి. ఫొటో తీసేశా. ఇప్పుడు నా లెక్క ఒకటే: పగలైతే కొద్దిగా ఫ్లాషు, గూటి దగ్గరా రాత్రిపూటా అసలొద్దు. నాకు ఫొటో పోతే పోయింది, దానికి ఆ పూట తిండి పోకూడదు కదా!