మాది కాని చలానా

మా ఇద్దరికీ ఉన్నది ఒకటే బండి. పాత స్ప్లెండర్, నల్లరంగు, టీఎస్ 01తో మొదలయ్యే నంబరు. ఉట్నూరు మండలంలో ఒక గోండు గూడెంలో మా బడి. పొద్దున దాని మీదే పోతాం, సాయంత్రం దాని మీదే వస్తాం. ఇద్దరం టీచర్లమే. ఇద్దరం టీటీసీ చేసినవాళ్లమే. పిల్లలకు సెలవు చీటీ ఎట్లా రాయాలో, పోస్టుమాస్టరుకు ఉత్తరం ఎట్లా రాయాలో ఇరవై ఏళ్లుగా చెప్తున్నాం. మా కోసం మేము ఒక అర్జీ రాసుకోవాల్సి వచ్చినప్పుడు మాత్రం మొదటి వాక్యం దగ్గరే గంటసేపు కూర్చున్నాం.

పోయిన ఎండాకాలం సెలవుల్లో మా అవ్వను వైద్యానికి పట్నం తీసుకుపోయాం. అవ్వను బస్సులో పంపి, మేము బండి మీద పోయాం. దాదాపు మూడు వందల కిలోమీటర్లు, మధ్యలో ఒక రాత్రి చుట్టాల ఇంట్లో ఆగి. నెల రోజులు ఉండాల్సి వస్తుందన్నారు. రోజూ ఆటోలకు పెడితే మందులకు ఏం మిగులుతుంది? ఖైరతాబాద్‌లో మా అన్న కొడుకు చదువుకుంటూ ఉండే గది ఉంది. పెద్ద గణపతిని నిలబెట్టే చోటికి దగ్గరే. ఆ ఒక్క గదిలో నలుగురం సర్దుకున్నాం.

ఒకరోజు లకిడీకాపూల్ దగ్గర ట్రాఫిక్ వాళ్లు ఆపారు. హెల్మెట్ ఉంది, లైసెన్సు ఉంది, ఆర్సీ ఉంది. నంబరును మిషన్‌లో కొట్టి, "రెండు పెండింగ్ ఉన్నాయి, కట్టేయండి" అన్నారు. ఒకటి ముందు ఆదివారం ఆబిడ్స్‌ది. రెండోది ఫిబ్రవరిది, ఖైరతాబాద్‌లో తప్పుగా పార్కింగ్ చేసినందుకు. ఫిబ్రవరిలో మా బండి ఖైరతాబాద్‌కు ఎట్లా వచ్చింది? అప్పటికి ఆ బండి నిర్మల్ దాటి ఎరుగదు.

ఆ మాటే అన్నాం. "వంద రూపాయల కోసం ఇంత మాట్లాడతారేంటండీ" అన్నారు. కోపంగా కాదు, అలసటగానే అన్నారు. ఎండ అట్లా ఉంది మరి. వెనక బండ్ల హారన్లు. జేబులోకి చెయ్యి పోయింది కూడా. రెండూ కలిపితే ఒక రోజు కూలి కాదు.

చెయ్యి ఎందుకు ఆగిందంటే, మా బాపు గుర్తొచ్చాడు. మా చిన్నప్పుడు బాపు నాగలికి కర్ర కొట్టుకొస్తే దారిలో జంగ్లాత్ వాడు ఆపేవాడు. బాపు ఏం అడిగేవాడు కాదు. ధోతి కొంగులో ముడి విప్పి ఇచ్చేవాడు. రశీదు ఉండేది కాదు. ఎంత కట్టాలో ఏ కాగితంలో ఉందో బాపుకు తెలియదు. అసలు అది జరిమానానా, లంచమా అన్నది కూడా తెలియదు. ఆ పైసలు పోయిన బాధ కంటే, తలవంచుకుని ఇంటికొచ్చి అవ్వతో "ఇచ్చి వచ్చిన" అనే ఆ ఒక్క మాట మాకు ఎక్కువ గుర్తుంది. నిజాం కాలంలో పశువులు మేపితే బంబ్రాం, వంటచెరుకు తెస్తే దూపపెట్టి అని వసూలు చేసేవారని పెద్దలు చెప్పేవారు. కుమ్రం భీం జోడేఘాట్‌లో 1940లో ప్రాణమిచ్చింది ఆ అడవి కోసమే. బడిలో మేము ఆ పాఠం చెప్తాం, జయంతి చేస్తాం, దండ వేస్తాం. మరి నడిరోడ్డు మీద అడగ్గానే మా చెయ్యి కూడా జేబులోకే పోయింది.

"చూసుకుని కడతాం" అని చెప్పి వచ్చేశాం.

రాత్రి మా అన్న కొడుకు ఫోన్‌లో ఈ-చలానా సైటు తెరిచి బండి నంబరు కొట్టాడు. తేదీ, సమయం, చోటు, ఫోటో అన్నీ ఉన్నాయి. ఫోటో పెద్దది చేసి చూస్తే నవ్వొచ్చింది. అది మా స్ప్లెండర్ కాదు, తెల్లటి స్కూటీ. నంబరులో చివరి నుంచి రెండో అంకె 8. మాది 3. ప్లేటు మీద బురద పడి 8 సగం మూసుకుపోయింది. రాసినవాళ్లు కావాలని చేసింది కాదు. కానీ ఆ స్కూటీ వాళ్లకు ఈ సంగతే తెలియదు, అప్పు మాత్రం మా పేరు మీద ఉంది.

ఇన్ని నెలలు మాకు ఎందుకు తెలియలేదు? మెసేజ్ వచ్చే ఉంటుంది. ఆర్సీలో ఉన్నది మా పాత సిమ్ నంబరు. అది పోయి నాలుగేళ్లు. ఇది చదివే టీచర్లు ముందు ఈ ఒక్క పని చేసుకోండి, ఆర్సీలో ఇప్పటి ఫోన్ నంబరు ఉందో లేదో చూసుకోండి. కెమెరా లాంటి పరికరాలతో రాసే చలానాలకు పదిహేను రోజుల్లో నోటీసు పంపాలని 2021 ఆగస్టులో కేంద్రం నియమం తెచ్చింది. పంపిన నోటీసు చనిపోయిన సిమ్‌కు పోతే నియమం ఏం చేస్తుంది?

ఫిర్యాదు రాయడానికి కూర్చున్నాం. మొదట "అయ్యా, మేము పేద ఆదివాసీ ఉపాధ్యాయులం, దయతో" అని మొదలుపెట్టాం. మా అన్న కొడుకు చదివి, "చిన్నాన్నా, దయ ఎందుకు? తప్పు అక్కడుంది కదా" అన్నాడు. వాడు చెప్పింది నిజమే. కొట్టేసి మళ్లీ రాశాం:

"ఫలానా తేదీన ఖైరతాబాద్‌లో తప్పుగా పార్కింగ్ చేసినట్టు మా బండి నంబరు మీద చలానా ఉంది. ఫోటోలో ఉన్నది తెల్లరంగు స్కూటీ. మా ఆర్సీలో ఉన్నది నల్లరంగు మోటారుసైకిలు. ఫోటోలో చివరి నుంచి రెండో అంకె 8, మాది 3. ఆ రోజు బడి పని దినం, మేము ఉట్నూరు మండలంలో విధుల్లో ఉన్నాం. ఆర్సీ నకలు, మా బండి ఫోటో, చలానా ఫోటో, హాజరు పట్టీ నకలు జతచేశాం. చలానా రద్దు చేసి ఆ సంగతి మాకు రాతలో తెలుపగలరు."

అంతే. కథ లేదు, కన్నీళ్లు లేవు. చలానా నంబరు, తేదీ, మా ఫోన్ నంబరు పైన రాశాం. హాజరు పట్టీ ఫోటో కోసం మాత్రం చాలా తిప్పలు పడ్డాం. సెలవుల్లో బడికి తాళం. గూడెంలో తాళంచెవి ఇచ్చి వచ్చిన పిల్లవాడు బడి తెరిచి ఫోటో తీసి, సిగ్నల్ కోసం గుట్ట ఎక్కి పంపాడు. పాపం, ఆ పని చేసి వాడు ఆ పూట చేను పని పోగొట్టుకున్నాడు.

సైటులోనే ఫిర్యాదు పెట్టాం. పది రోజులు చూశాం, ఏమీ లేదు. అప్పుడు కాగితాలు రెండు సెట్లు తీసుకుని నేరుగా పోయాం. మొదటి రోజు సార్ లేరన్నారు. రెండో రోజు బందోబస్తు అన్నారు. మూడో రోజు ఒకాయన కూర్చోబెట్టి చదివారు. హాజరు పట్టీ చూసి, "ఇది మీరే రాసుకున్నది కదా" అన్నారు. గుట్ట ఎక్కిన పిల్లవాడు గుర్తొచ్చి నోటి దాకా ఏదో వచ్చింది, మింగేశాం. "అది పక్కన పెట్టండి సార్, స్కూటీ చూడండి" అన్నాం. చూశారు. పెదవి విరిచి, "నిజమే" అన్నారు. కాగితం తీసుకున్నారు. రెండో కాపీ మీద అందినట్టు ముద్ర, తేదీ, సంతకం అడిగాం. "అవసరం లేదు, చూస్తాం లెండి" అన్నారు. ఇచ్చేదాకా నిలబడ్డాం. ఆ ఐదు నిమిషాలే అన్నిటికంటే కష్టం. కుర్చీలో ఉన్న మనిషి పొమ్మన్నాక కూడా నిలబడటం మాకు ఎవరూ నేర్పలేదు.

ఇక్కడ ఒక మాట. మా గోండుల్లో రాయి సెంటర్ ఉంది. తగవు వస్తే సార్మేడి ముందు ఇరువైపులా కూర్చుంటారు. ఇద్దరూ చెప్పాక, పెద్దలు మాట్లాడుకున్నాక, అప్పుడు దండుగు వేస్తారు. మాట ముందు, దండుగు తర్వాత. ఇక్కడ తిరగబడింది, దండుగు ముందే ఇంటికొస్తుంది, మాట మనం వెతుక్కుంటూ పోవాలి. మా పెద్దల పద్ధతి అంతా బంగారమని అనడం లేదు, అక్కడ ఆడవాళ్ల మాట ఎంత వింటారో మాకు తెలుసు. కానీ చలానా అన్నది తీర్పు కాదని పట్నంలో చాలామందికి కూడా తెలియదు. అది "మీరు ఈ తప్పు చేశారని మేమంటున్నాం" అనే మాట. కడితే ఒప్పుకున్నట్టు, కోర్టుకు పోకుండా రాజీ పడినట్టు. ఒప్పుకోకపోతే తేల్చాల్సింది మేజిస్ట్రేటు. మా అర్జీ పనిచేయకపోతే నాంపల్లి క్రిమినల్ కోర్టులకు పోదామనే అనుకున్నాం.

లాయరుకు పైసలు ఎట్లా అని భయపడ్డాం. అప్పుడే తెలిసింది, తెలిసి సిగ్గేసింది కూడా. 1987 న్యాయ సేవల అధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం షెడ్యూల్డు తెగల వాళ్లకు ఉచిత న్యాయ సహాయం హక్కు. ఆదాయం ఎంతైనా సరే. 15100కు ఫోన్ చేస్తే దారి చెప్తారు. ఇన్నేళ్లు పాఠాలు చెప్పిన మేము ఈ నంబరు ఒక్కసారి కూడా బోర్డు మీద రాయలేదు.

కొందరు లోక్ అదాలత్‌కు పొమ్మన్నారు. అక్కడ తగ్గించి తేలుస్తారు, నిజమే. కానీ అది రాజీ. అక్కడ అయిన తీర్పు మీద అప్పీలు ఉండదు. తప్పు మనదైతే అది మంచి చోటు, మనది కానప్పుడు కాదు. 2023 డిసెంబరు 26 నుంచి రాష్ట్రంలో పెండింగ్ చలానాలకు రాయితీ ఇచ్చారు కదా, బైకులకు, ఆటోలకు ఎనభై శాతం, కార్లకు అరవై. అప్పుడు మా తోటి టీచర్లు కొందరు తమవి కానివి కూడా కట్టేశారు, ఎట్లాగూ చవకే అని. చవకగా ఒప్పుకున్నా ఒప్పుకున్నట్టే.

మేము చలానా గురించి ఇంత సాగదీస్తున్నది పోడు గురించి ఆలోచిస్తూనే. 2006 అటవీ హక్కుల చట్టంలో దావా తిరస్కరిస్తే పై కమిటీకి అర్జీ పెట్టుకోవచ్చు, అరవై రోజుల్లో. గ్రామసభ తీర్మానం మీద సబ్ డివిజన్ కమిటీకి, వాళ్ల నిర్ణయం మీద జిల్లా కమిటీకి. మా గూడెంలో తిరస్కారం నోటిమాటతో అయిపోయింది. "మీది రాలేదు" అన్నారు, వీళ్లు ఇంటికొచ్చారు. కాగితం అడగలేదు. అరవై రోజులు ఎప్పుడు మొదలై ఎప్పుడు అయిపోయాయో ఎవరికీ తెలియదు. ఆ గూడెంలో చదువుకున్నవాళ్లం మేమే. మేమూ అడగలేదు. బడి రిజిస్టర్లు, మధ్యాహ్న భోజనం లెక్కలు, ఎన్నికల డ్యూటీలు అని చెప్పుకున్నాం. అవన్నీ నిజమే, అయినా వంద రూపాయల చలానాకు మూడు రోజులు తిరిగినవాళ్లం రెండెకరాలకు ఒక్కరోజు తిరగలేదు.

మూడు వారాల తర్వాత నంబరు కొట్టి చూస్తే ఖైరతాబాద్ చలానా లేదు. తీసేశామని ఉత్తరం లేదు, మెసేజ్ లేదు, ఊరికే లేదు. ఆ తెర ఫోటో కూడా తీసి పెట్టుకున్నాం.

ఆబిడ్స్‌ది అట్లాగే ఉంది. ఆ ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు అమ్మే చోట బడి పిల్లలకు బొమ్మల కథలు కొందామని పోయాం. బండి పెట్టిన చోట నో పార్కింగ్ బోర్డు ఉంది. దాన్ని చూశాం, చూసే పెట్టాం. అప్పటికే అక్కడ ఇరవై బండ్లున్నాయి. మాలో ఒకరం అన్నాం, ఎట్లాగూ అర్జీ రాయడం వచ్చింది కదా, దీనికీ రాద్దాం, అందరూ పెట్టారని రాద్దాం అని. ఇంకొకరం నవ్వి, ఫోటో చూపించాం. నల్ల స్ప్లెండర్, 3 అంకె అద్దంలా కనిపిస్తోంది, హ్యాండిల్‌కు తగిలించిన సంచి కూడా మాదే.

కట్టేశాం. ఈసారి రశీదు వచ్చింది. జూన్‌లో బడి తెరిచాక ఐదో తరగతి వాళ్లకు ఉత్తరాల పాఠం చెప్పేటప్పుడు ముద్ర వేసిన కాపీ, ఈ రశీదు రెండూ చూపించాం. ఒక పిల్ల ముద్రను వేలితో తడిమి చూసి, "సార్, మా నాయన పోడు కాగితానికి ఇట్లాంటిది లేదు" అంది. ఆ సాయంత్రం బండి వాళ్ల ఇంటి వైపు తిప్పాం.