అదే బండ మీద

నిరుడు చలికాలంలో ఒకనాడు, ఫజ్ర్ అజాన్‌కు ఇంకా అరగంట ఉందనగా, వుజూ చేసుకుందామని పెరట్లోకి వెళ్ళాను. కరెంటు లేదు. ఏళ్ళ తరబడి నడుస్తున్న దారే కదా అని టార్చి వెదకలేదు. నీళ్ళ తొట్టి పక్కన పరచిన కడప బండ మీద కాలు మోపగానే జారింది. కుడి చీలమండ నా బరువు కింద మడతపడి విరిగింది.

నేల మీద పడి ఉండగా ఒక విషయం గుర్తుకు వచ్చి నొప్పిని కూడా మరిపించింది. 11 ఏళ్ళ క్రితం మా అబ్బాజాన్ పడినదీ ఈ బండ మీదనే.

అప్పటికి ఆయన వయసు 78. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ జరిగినా మళ్ళీ నడవలేకపోయారు. ముసలితనంలో తుంటి విరిగితే ఎముకతో పోదు. మంచాన పడినవారికి ఒంట్లో కండ తరిగిపోతుంది, వీపున పుండ్లు పడతాయి, ఊపిరితిత్తుల్లో కఫం చేరుతుంది. ఏడు నెలలకు ఆయన అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. పరామర్శకు వచ్చిన వారందరితో నేను ఒకే మాట చెప్పాను: అంతా తఖ్‌దీర్.

ఆ మాట సత్యమే. కాని ఆ సత్యాన్ని నేను నా తప్పు మీద ముసుగుగా కప్పుకున్నాను. బండకు పాచి పడుతోందని అబ్బాజాన్ నాకు రెండుసార్లు చెప్పారు. మదరసా సెలవుల్లో చూద్దామన్నాను. సెలవులు వచ్చి పోయాయి.

సిరియాలో ప్లేగు వ్యాపించిందని తెలిసి హజ్రత్ ఉమర్ (రజి) దారి మధ్యనుంచే వెనుదిరిగిన సంఘటనను నేను ఏటా విద్యార్థులకు బోధిస్తాను. అల్లాహ్ విధి నుంచి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) అడిగినప్పుడు, తాము వెళుతున్నది కూడా అల్లాహ్ విధి వైపుకేనని ఆయన సమాధానమిచ్చారు. జాగ్రత్త పడడమూ విధిలో భాగమేనని పిల్లలకు వివరించిన నేను నా పెరట్లో దానిని పాటించలేదు.

కాలికి ఆరు వారాలు కట్టు వేశారు. కట్టు మీద తడి చేత్తో మసహ్ చేస్తే చాలునని, నిలబడలేనివారు కూర్చుని, కూర్చోలేనివారు పడుకుని నమాజు చేయవచ్చని నేను ఎందరికో చెప్పి ఉన్నాను. తీరా నా వంతు వచ్చేసరికి మనసు ఒప్పలేదు. నా విద్యార్థుల ముందు మసీదులో కుర్చీ వేసుకుని కూర్చోవడమా? గోడ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడబోయాను. మరోసారి పడబోతుంటే నా భార్య వచ్చి పట్టుకున్నది. “ఏమండీ, ప్రవక్తగారు గుర్రం మీద నుంచి పడినప్పుడు ఎలా నమాజు చేశారో మీరే కదా నాకు చెప్పారు?” అన్నది.

నా వద్ద సమాధానం లేకపోయింది. దైవప్రవక్త (స) గుర్రం మీద నుంచి పడినప్పుడు ఆయన కుడి పక్క గీరుకుపోయింది. అప్పుడు ఆయన కూర్చునే నమాజు చేయించారు. సృష్టిలో శ్రేష్ఠులైన ఆయన చిన్నతనంగా భావించని దానిని నేను చిన్నతనంగా భావించాను. నా విశ్వాసానికి చిహ్నమనుకున్నది నిజానికి నా అహంకారం. ఆ మధ్యాహ్నమే కుర్చీ తెప్పించుకున్నాను.

కట్టు విప్పిన తరువాత కొత్త శత్రువు ఎదురైంది: భయం. మళ్ళీ పడతానేమోనని మంచం దిగడం తగ్గించాను. ఇది ప్రమాదకరమని వైద్యులు హెచ్చరించారు. భయంతో కదలకపోతే కాళ్ళలో బలం పోతుంది. బలం పోతే నిజంగానే పడతాము. వారు నేర్పినట్టుగా బల్ల అంచు పట్టుకుని మడమలు ఎత్తి దించడం, కుర్చీలోనుంచి లేచి కూర్చోవడం రోజూ చేశాను. కొయ్య చెంచాలకు పేరుపొందిన ఉదయగిరిలో ఒక పనివాని చేత నా ఎత్తుకు సరిపడే చేతికర్ర చేయించుకున్నాను. హజ్రత్ మూసా (అలై) చేతిలోనూ కర్ర ఉండేది. దానిని పట్టుకోవడానికి మనమెందుకు సిగ్గుపడాలి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా సుమారు 6,84,000 మంది పడిపోవడం వల్ల మరణిస్తున్నారు. వారిలో 60 దాటినవారే ఎక్కువ. కనుక పాఠకులు ఈ రోజే తమ ఇల్లు ఒకసారి చూసుకోవాలని కోరుతున్నాను. వుజూ చేసే చోట, స్నానాల గదిలో పాచి గీకించండి. నునుపు బండ తీసి గరుకు బండ వేయించండి. గోడకు గట్టి కడ్డీ బిగించండి. మంచం నుంచి మరుగుదొడ్డి దాకా రాత్రంతా చిన్న దీపం వెలగనివ్వండి. నేలకు జీరాడే లుంగీ, అరిగిన చెప్పులు, అంచు మడతపడే చాప ఇవన్నీ పడేసేవే. తహజ్జుద్‌కు లేచేవారు మంచం అంచున ఒక నిమిషం కూర్చుని తరువాత నిలబడాలి. బీపీ మాత్రలు, నిద్రమాత్రలు వాడేవారికి లేవగానే తల తిరగవచ్చు. ఆ సంగతి వైద్యునికి చెప్పాలి. కళ్ళలో శుక్లాలు ఉంటే తీయించుకోవాలి.

ఎవరైనా పడితే వెంటనే చంకల్లో చేతులు వేసి లేపకండి. ముందుగా ఎక్కడ నొప్పి ఉందో అడగండి. కాలు పొట్టిగా అయినట్టు, పాదం బయటికి తిరిగినట్టు కనిపిస్తే తుంటి విరిగి ఉండవచ్చు. కదపకుండా 108కి ఫోన్ చేయండి. తలకు దెబ్బ తగిలినా, రక్తం పలచబడే మందులు వాడుతున్నవారు పడినా ఆలస్యం చేయకండి.

దారిలోని హాని కలిగించే వస్తువును తొలగించడం విశ్వాసపు శాఖల్లో ఒకటని దైవప్రవక్త (స) బోధించారు. ఇంతకాలం ఆ దారి అంటే వీధి అనుకున్నాను. మా తల్లిదండ్రులు మంచం నుంచి తొట్టి దాకా నడిచే పది అడుగులు కూడా దారేనని ఆలస్యంగా తెలుసుకున్నాను.

ఆ బండను ఇప్పుడు పెరికించి గరుకు రాయి వేయించాను. అది అరపూట పని. కూలి కూడా పెద్దగా కాలేదు. ఆ అరపూట 11 ఏళ్ళ ముందు దొరకలేదా అని అబ్బాజాన్ నన్ను ఎన్నడూ అడగలేదు. నా ప్రభువు అడుగుతాడేమోనని నా భయం. ఆయన నా నిర్లక్ష్యాన్ని క్షమించుగాక! మన పెద్దల అడుగులను స్థిరపరచుగాక! ఆమీన్.