ఒకే ఖాందాన్ పరవానాలు

ఉర్దూ మీడియంలో చదివినవాణ్ని. పరవానా అంటే నాకు షమా చుట్టూ తిరిగి జాన్ ఇచ్చే ఆషికే. అందులో కిస్ములుంటాయని ఏ ఉస్తాదూ చెప్పలేదు. మొన్న అక్టోబర్‌లో మోత్కూర్ పోయినప్పుడు ఆ సబఖ్ కూడా అయింది.

చిచ్చాకు ఇంటి వెనకే రెండెకరాల పత్తి. 2002లో బీటీ విత్తనం వచ్చినప్పుడు కాయపురుగు పీడ పోయిందనుకున్నారు. గులాబీ రంగు పురుగు దానికీ అలవాటుపడింది. అందుకే చిచ్చా మూడు లింగాకర్షక బుట్టలు కట్టాడు. బుట్టకు రాత్రికి 8 తల్లి పురుగుల చొప్పున వరుసగా 3 రాత్రులు పడితే మందు కొట్టాలని లెక్క. ఇంటి పక్క బుట్టలో మూడు రాత్రులూ పదికి తక్కువ లేవు.

"మందుకు ఖర్జా అడిగిన బేటా, రేపు తెస్త."

ఫజర్ కాగానే ఆ బుట్ట విప్పి తెల్ల కాగితం మీద దులిపాం. పదకొండు. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి, ఒక్కోటి గోరంత కూడా లేదు. అఖ్‌బార్‌లో వ్యవసాయం పేజీ చూసిన రోజుల్లో ఒక సైంటిస్ట్ సాబ్ చూపించిన ఫరక్ యాదికొచ్చింది. ఫోన్‌లో పెద్దవి చేసి చూశాను. మూడింటి రెక్కలు మట్టిరంగు, మీద నల్లటి మరకలు. అవి గులాబీ పురుగు తల్లులే. ఆరు మాత్రం ఎండుగడ్డి రంగులో మెరుస్తున్నాయి. సూదితో వెనక రెక్క లాగితే కొస వేలులా సన్నగా, అంచున పొడుగు కుచ్చుతో ఉంది. వడ్ల చిలుకలు! రెండింటికి రెక్కల పొడి రాలిపోయింది, వాటి పేరు నేను చెప్పలేను.

రెండూ గెలెకిడీ ఖాందాన్‌వే. బుట్టలోని ఎర ఆడ గులాబీ పురుగు వాసనకు నకలు, రెండు పదార్థాల జోడీ. అందులో ఒకటి ఆడ వడ్ల చిలుక వాసన కూడా. ఆ బుట్ట పక్కనే చిచ్చా వడ్ల గది. మగవి ధోకా తిని వచ్చి పడ్డాయి. ఆషిక్‌ల సంగతి ఎక్కడైనా అంతే.

చిచ్చా నమ్మలేదు. "నువ్వు అఖ్‌బార్ల రాసెటోనివి. చేను నీకేం ఎరుక?"

సహీ మాటే. చేనులోకి పోయి 20 పచ్చికాయలు తెంపి పగలగొట్టాం. ఒక్కదాంట్లోనే పురుగు. పదింటికి ఒకటి చెడితేనే మందు. దూరం బుట్టల్లో కూడా రెండు మూడుకు మించి లేవు. వారం ఆగి మళ్లీ కాయలు చూద్దామన్నాడు చిచ్చా. ఖర్జా ఇస్తానన్న మనిషికి ఫోన్ చేసి వద్దన్నాడు.

చాచీ అంతా విన్నది. వడ్ల గది తలుపు తీసి దోసెడు వడ్లు నా ముందుకు పట్టింది. గింజల మీద సూది మొనతో పొడిచినట్టు గుండ్రటి కన్నాలు.

"పత్తి సంగతి సరే బేటా, మరి వీటి సంగతి?"

నాస్తా పక్కనపెట్టి, ఎండ పోయడానికి బస్తాలు బయటికి మోయడం మొదలుపెట్టాను.