ఏమీ దాచుకోని టేబుల్.. అన్నీ రాసుకునే చిట్టా

డేటాబేస్‌లో ఒక వింత రకం టేబుల్ ఉంటుంది. లక్ష వరుసలు రాయండి, కిక్కురుమనకుండా తీసుకుంటుంది. వెంటనే చదివి చూడండి, ఒక్క వరుస కూడా ఉండదు. చెడిపోయిందని కాదు, దాని పనే అంత. మైఎస్‌క్యూఎల్‌లో ఈ టేబుల్ వెనకున్న ఇంజన్ పేరు బ్లాక్‌హోల్. వెలుగుని కూడా మింగేసే కృష్ణబిలం అన్నమాట.

"దాచుకోని టేబుల్‌ని టెస్ట్ చేయడానికి నీకు జీతం ఇస్తున్నార్రా?" అని అమ్మ ఒకరోజు ఫోన్‌లో అడిగింది. ప్రశ్న న్యాయమైనదే. ఆమెకి చెప్పిన జవాబే మీకూ చెబుతాను. ఎందుకంటే మీరు ఏదో ఒక యాప్‌లో "నా అకౌంట్ డిలీట్ చెయ్యి" అని నొక్కినప్పుడు, ఆ మాట చివరి సర్వర్ దాకా చేరుతుందా లేదా అన్నది ఒక్కోసారి ఇలాంటి టేబుల్ చేతిలో ఉంటుంది.

చిట్టా, ఆవర్జా

మా తాతయ్యకి కిరాణా కొట్టు ఉండేది. గల్లాపెట్టె పక్కన రెండు పుస్తకాలు. ఒకటి చిట్టా. రోజూ ఎవరు ఏం పట్టుకెళ్లారు, ఎవరు ఎంత కట్టారు, జరిగింది జరిగినట్టు వరసగా అందులో రాసేవారు. రెండోది ఆవర్జా. అందులో ఒక్కో మనిషికి ఒక్కో పేజీ. సుబ్బారావు గారి బాకీ ఇప్పుడు ఎంతో తెలియాలంటే ఆవర్జా తీయాలి. ఆ బాకీ ఎలా పెరిగిందో తెలియాలంటే చిట్టా తిరగెయ్యాలి.

డేటాబేస్‌లోనూ ఈ రెండే ఉంటాయి. టేబుల్ ఆవర్జా లాంటిది, ప్రస్తుతం ఏముందో చెబుతుంది. బైనరీ లాగ్ చిట్టా లాంటిది, ఏమేం మారిందో వరసగా చెబుతుంది. మేం దాన్ని పొట్టిగా బిన్‌లాగ్ అంటాం. ఇంకో చోటున్న సర్వర్ ఈ బిన్‌లాగ్‌ని చదువుకుంటూ అవే మార్పులు తన దగ్గరా చేసుకుంటుంది. దాన్నే రెప్లికేషన్ అంటారు. రాసేది సోర్స్, చదివి కాపీ చేసుకునేది రెప్లికా.

ఇప్పుడు బ్లాక్‌హోల్ ఏంటో తేలిగ్గా చెప్పొచ్చు. చిట్టా రాస్తారు, ఆవర్జా మాత్రం రాయని కొట్టు అది. సరుకు లెక్క ఇక్కడ ఉండదు. కానీ పక్క ఊళ్లో ఉన్న బ్రాంచి కొట్టువాళ్లు మన చిట్టా చూసి తమ ఆవర్జా నింపుకుంటారు.

ఇది ఎవరికి కావాలంటే, మధ్యలో నిలబడే సర్వర్లకి. అసలు సర్వర్ ఒకటే, దాని నుంచి చదువుకోవాల్సిన రెప్లికాలు చాలా ఉన్నాయనుకోండి. అన్నీ దాని మీదే పడితే దానికి ఊపిరాడదు. మధ్యలో ఒక సర్వర్ పెట్టి, అక్కడి టేబుళ్లు బ్లాక్‌హోల్ చేస్తే, డిస్క్ మీద డేటా పెరగదు, వచ్చిన మార్పుల్ని ముందుకి పంపే పని మాత్రం జరుగుతుంది.

మా ముందున్న ప్రశ్న

మా టీమ్‌లో రెండు ప్రతిపాదనలు వచ్చాయి. మొదటిది ఇప్పుడు చెప్పిన మధ్యవర్తి పద్ధతి. రెండోది ఇంకొంచెం ధైర్యం ఉన్నది: యాప్ నేరుగా బ్లాక్‌హోల్ టేబుల్లోనే రాస్తుంది, చివరి సర్వర్‌లో మాత్రమే అసలు డేటా ఉంటుంది. ముందు సర్వర్‌కి పెద్ద డిస్క్ అక్కర్లేదు, ఖర్చు తగ్గుతుంది. మీటింగ్‌లో అందరి తలలూ రెండోదానికే ఊగుతున్నాయి.

"అన్నా, ఇన్సర్ట్ వెళ్తుంది సరే. డిలీట్ వెళ్తుందా?" అని అడిగాను మా లీడ్‌ని.

"వెళ్లకపోవడానికి ఏముంది? బిన్‌లాగ్‌లో పడుతుంది కదా."

"పడుతుందో లేదో చూసి చెప్తా."

"రెండ్రోజులు తీస్కో. ఒకవేళ పడకపోతే ఎందుకు పడట్లేదో కూడా కావాలి."

ఇది ఊరికే వచ్చిన చాదస్తం కాదు. ఆ టేబుళ్లలో వినియోగదారుల ఫోన్ నంబర్లు, చిరునామాలు ఉంటాయి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో, మన సమాచారాన్ని సరిదిద్దమనీ చెరిపెయ్యమనీ అడిగే హక్కు రాసి ఉంది. ఎవరో ఒకమ్మాయి తన నంబరు తీసెయ్యమంది, యాప్ "తీసేశాం" అంది, చివరి సర్వర్‌లో మాత్రం నంబరు అలాగే కూర్చుంది. ఇది జరగడానికి వీల్లేదు.

టెస్ట్ ఎలా పెట్టానంటే

లాప్‌టాప్‌లోనే మైఎస్‌క్యూఎల్ 8.0 సర్వర్లు రెండు లేపాను. మొదటిదాంట్లో టేబుల్ బ్లాక్‌హోల్, రెండోదాంట్లో అదే టేబుల్ మామూలు ఇన్నోడీబీ. ఇక్కడే ఒక మెలిక ఉంది. టేబుల్ ఇంజన్ మార్చే ఆదేశం కూడా బిన్‌లాగ్‌లోకి వెళ్తుంది. ఊరుకుంటే అవతలి టేబుల్ కూడా బ్లాక్‌హోల్ అయిపోతుంది. కాబట్టి ఆ ఒక్క ఆదేశం ఇచ్చే ముందు ఆ సెషన్‌కి బిన్‌లాగ్ రాయడం ఆపి, తర్వాత మళ్లీ మొదలుపెట్టాలి.

ముందు రెండువైపులా ఇన్నోడీబీతోనే నడిపాను. ఒక ఇన్సర్ట్, ఒక అప్‌డేట్, ఒక డిలీట్. మూడూ అవతలికి చేరాయి. అంటే వైరింగ్ బాగుంది, ఇక తేడా ఏదైనా వస్తే అది బ్లాక్‌హోల్ వల్లే.

తర్వాత అసలు పరీక్ష. బిన్‌లాగ్‌కి మూడు రాతలు ఉంటాయి. స్టేట్‌మెంట్ ఫార్మాట్‌లో మనం ఇచ్చిన ఆదేశాన్నే మాట పొల్లుపోకుండా రాస్తుంది. రో ఫార్మాట్‌లో ఆదేశాన్ని పక్కనపెట్టి, ఏ వరుస ఎలా ఉండేది, ఎలా మారింది అన్నది రాస్తుంది. మిక్స్‌డ్‌లో మామూలుగా స్టేట్‌మెంట్, ఇబ్బంది ఉన్నచోట రో.

స్టేట్‌మెంట్‌లో మూడూ చేరాయి. అప్‌డేట్‌కి ఇవతల "మార్పు జరిగిన వరుసలు 0" అని చూపించినా, ఆదేశం బిన్‌లాగ్‌లో ఉంది, అవతల వరుస మారింది.

రో ఫార్మాట్‌కి మార్చాను. ఇన్సర్ట్ చేరింది. అప్‌డేట్ చేరలేదు. డిలీట్ చేరలేదు. బిన్‌లాగ్ తెరిచి చూస్తే ఆ రెండిటి జాడే లేదు.

భయపెట్టేది ఏంటంటే, ఎక్కడా ఎర్ర దీపం వెలగలేదు. అప్‌డేట్‌కి "ఓకే" వచ్చింది. రెప్లికేషన్ స్థితి చూస్తే అన్నీ నడుస్తున్నాయి, ఆలస్యం సున్నా. ఇవతల ఆదేశం సజావుగా పూర్తయింది, అవతల పాత డేటా భద్రంగా ఉంది.

ఒకే ఒక్క గొంతు వినిపించింది. అది 1870 నంబరు వార్నింగ్. రో ఫార్మాట్‌లో బ్లాక్‌హోల్ టేబుళ్ల మీద చేసే అప్‌డేట్, డిలీట్‌లు లాగ్ కావు అని స్పష్టంగానే చెబుతుంది. కానీ వార్నింగులు చదివే యాప్‌లు ఎన్ని? ఇంకో తమాషా, ఈ వార్నింగ్ అసలు పేరులో ఇంగ్లిష్ స్పెల్లింగ్ తప్పు ఉంది. బ్లాక్‌లో 'ఎ' అక్షరం ఉండాల్సిన చోట 'ఓ' పడింది. తెలుగులో రాస్తే ఆ తప్పు కనబడనే కనబడదు.

ఎందుకిలా?

మళ్లీ కొట్లోకి వద్దాం. "సుబ్బారావు గారి బాకీ కొట్టెయ్" అని యజమాని చెప్పాడు. స్టేట్‌మెంట్ గుమాస్తా ఆ మాటని అలాగే చిట్టాలో ఎక్కిస్తాడు. బ్రాంచివాళ్లు అది చదివి తమ దగ్గర బాకీ కొట్టేస్తారు. రో గుమాస్తా అలా కాదు. ఆవర్జా తెరిచి, ఐదు వందలు ఉండేది, ఇప్పుడు సున్నా అని చూసి మరీ రాస్తాడు. కానీ ఈ కొట్లో ఆవర్జానే లేదు. పేజీ లేదు కాబట్టి మారిందేమీ లేదు, మారిందేమీ లేదు కాబట్టి చిట్టాలో గీత కూడా పడదు. బ్రాంచిలో సుబ్బారావు గారు ఇంకా బాకీదారే.

ఇన్సర్ట్ ఎందుకు వెళ్లిందంటే, కొత్త వరుసకి పాత పేజీతో పని లేదు. రాయాల్సిందంతా ఆదేశంలోనే ఉంది.

"మరి స్టేట్‌మెంటే పెట్టుకుంటే పోలా?" అనొచ్చు. మైఎస్‌క్యూఎల్ మాన్యువల్ కూడా బ్లాక్‌హోల్‌కి స్టేట్‌మెంటే వాడమంటుంది, రో వద్దు, మిక్స్‌డ్ కూడా వద్దంటుంది. కానీ 5.7.7 నుంచి మామూలుగా వచ్చే సెట్టింగ్ రో. 8.0.34 నుంచి ఫార్మాట్ మార్చుకునే సౌకర్యానికే "ఇక వాడకండి" అన్న ముద్ర పడింది. పైగా స్టేట్‌మెంట్‌కి దాని తలనొప్పులు దానికున్నాయి. యూయూఐడీ లాంటి ఫంక్షన్ వాడితే ఇక్కడొక విలువ, అక్కడొక విలువ వస్తుంది.

మిక్స్‌డ్ ఇంకా మాయలాడి. మామూలు అప్‌డేట్‌తో పరీక్షిస్తే పాసైపోతుంది. అదే అప్‌డేట్‌లో యూయూఐడీ పెట్టండి, లోపల రోకి మారిపోతుంది, మార్పు గాల్లో కలిసిపోతుంది. ఒక్క ఉదాహరణతో టెస్ట్ చేసి టిక్ పెట్టేవాళ్లకి ఇది పట్టుబడదు.

మధ్యవర్తి మాత్రం మోసం చేయలేదు

అప్పటికి రెండు ప్రతిపాదనలూ పోయినట్టే అనుకున్నారు మావాళ్లు. మొదటిదాన్ని కూడా విడిగా పరీక్షించాకే చెప్తానన్నాను. ఈసారి మూడు సర్వర్లు. మొదటిదాంట్లో ఇన్నోడీబీ, మధ్యలో బ్లాక్‌హోల్, చివర ఇన్నోడీబీ. అన్నిచోట్లా రో ఫార్మాట్. టేబుల్‌కి ప్రైమరీ కీ ఉంది. మొదటిదాంట్లో అప్‌డేట్, డిలీట్ చేశాను.

రెండూ చివరిదాకా చేరాయి! మధ్య సర్వర్‌లో టేబుల్ ఖాళీ, కానీ దాని బిన్‌లాగ్‌లో రెండు మార్పులూ ఉన్నాయి.

అదే ఇంజన్, అదే ఫార్మాట్, అదే డిలీట్. మనం నేరుగా ఇస్తే మింగేస్తుంది, రెప్లికేషన్ ద్వారా వస్తే ముందుకి పంపుతుంది. సోర్స్ కోడ్ తెరిస్తే కారణం చిన్న షరతులో దొరికింది. వరుసని వెతకమన్నప్పుడు బ్లాక్‌హోల్ ఇంజన్, అడుగుతున్నది ఎవరో చూస్తుంది. మామూలు యూజర్ అయితే "ఏమీ లేదు" అంటుంది. రెప్లికేషన్ మార్పుల్ని అమలుచేసే థ్రెడ్ అయితే "ఆ, దొరికింది" అంటుంది. నిజానికి ఏమీ దొరకలేదు. కానీ పాత విలువ, కొత్త విలువ రెండూ పైనుంచి వచ్చిన చిట్టాలోనే ఉన్నాయి కాబట్టి ఆ చిన్న అబద్ధంతో పని జరిగిపోతుంది. మైఎస్‌క్యూఎల్ సొంత టెస్టుల్లో దీనికోసమే ఒకటి ఉంది. రెప్లికాలో టేబుల్‌ని బ్లాక్‌హోల్‌గా మార్చి, మూడు ఫార్మాట్లలోనూ మార్పులు పంపి, టేబుల్ ఖాళీగా ఉందా, బిన్‌లాగ్‌లో ఏదైనా పడిందా అని చూస్తుంది.

ఇంకో రెండు విషయాలు కూడా తేలాయి. ట్రాన్సాక్షన్ మొదలుపెట్టి రోల్‌బ్యాక్ చేస్తే అది బిన్‌లాగ్‌లోకి వెళ్లదు. ఇది మంచి వార్త. చెడ్డ వార్త ఆటో ఇంక్రిమెంట్‌ది. దానంతటదే పెరగాల్సిన వరస సంఖ్యని బ్లాక్‌హోల్ గుర్తుపెట్టుకోదు. యాప్ నేరుగా రాస్తే ప్రతి ఇన్సర్ట్‌కీ అదే నంబరు వెళ్తుంది. అవతల రెండో వరుసకే డూప్లికేట్ కీ ఎర్రర్ వచ్చి రెప్లికేషన్ ఆగిపోతుంది. కనీసం ఇది గట్టిగా అరిచి చెబుతుంది, డిలీట్ లాగా నోరు మూసుకుని కూర్చోదు.

చివరికి ఏం చేశామంటే

యాప్ నేరుగా బ్లాక్‌హోల్‌లో రాసే పద్ధతిని పక్కన పెట్టేశాం. మధ్యవర్తి పద్ధతి ఉంచాం, ఒక షరతుతో: మధ్య సర్వర్‌లో యాప్‌కి గానీ మనుషులకి గానీ రాసే అనుమతి లేదు. ఎవరైనా అక్కడ చేత్తో ఒక డిలీట్ కొడితే అది ఎటూ పోదు కాబట్టి. ఆ మూడు సర్వర్ల టెస్ట్ ఇప్పుడు రోజూ రాత్రి దానంతటదే నడుస్తుంది. అది చూసేది "ఓకే" వచ్చిందా అని కాదు, చివరి టేబుల్లో ఆ వరుస నిజంగా పోయిందా అని. వార్నింగ్ ఒక్కటి వచ్చినా ఫెయిల్ కింద లెక్క.

అమ్మకి ఇదంతా కొట్టు భాషలోనే చెప్పాను. "అంటే, బాకీ కొట్టేశామని ఇక్కడ చెప్పి, అక్కడ వసూలుకి వెళ్లకుండా చూస్తున్నావన్నమాట" అంది. మా డిజైన్ డాక్యుమెంట్‌లో పదహారు పేజీలున్నాయి. అందులో ఇంత సూటిగా ఎవరూ రాయలేదు.

మీలో డేటాబేస్‌లు నేర్చుకుంటున్నవాళ్లు ఉంటే, ఈ ఆదివారం ఓ గంట కేటాయించండి. రెండు సర్వర్లు, ఒక ఖాళీ టేబుల్, మూడు ఆదేశాలు చాలు. ఇచ్చిన ప్రతి ఆదేశం తర్వాత మూడు చోట్ల చూడండి: ఇవతల వచ్చిన వార్నింగులు, బిన్‌లాగ్, అవతలి టేబుల్. "0 వరుసలు" అని కనబడితే ఆగి, ఆ సున్నా ఎవరిదో కనుక్కోండి. మార్చడానికి ఏమీ లేని సున్నా వేరు, మారాల్సింది ఇంకోచోట ఉండిపోయిన సున్నా వేరు. తెర మీద మాత్రం రెండూ ఒకేలా ఉంటాయి.